గోడ మీద రాసిన అమ్మ

ఉద్యోగం పోయాక కొన్ని నెలలు నేను సియాటిల్ పక్కన బాతెల్‌లో ఇంట్లోనే ఉన్నాను. గోడౌన్లలో పెట్టెలెత్తే రోబో చేతులకి సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. ఒక రోజు పొద్దున్నే మీటింగ్ పెట్టి, ఇక ఆ కోడ్ ఏఐ రాస్తుందని చెప్పి మా టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపేశారు. మా ఆయన వీసా మీద నాకు వర్క్ పర్మిట్ ఉంది కాబట్టి దేశం వదలాల్సిన పరిస్థితి రాలేదు. పాపను స్కూల్ బస్ ఎక్కించడం, అప్లై చెయ్యడం, రిజెక్ట్ మెయిల్స్ చదువుకోవడం. మధ్యాహ్నానికే ఒళ్ళు అలిసిపోయేది.

అప్పుడు పాత కొలీగ్ ఒకతను ఫోన్ చేశాడు. సియాటిల్‌లో ఒక మ్యూజియంలో ఈ కాలపు చైనా ఆర్టిస్టుల ఎగ్జిబిషన్ పెడుతున్నారనీ, అందులో ఒక ఆర్ట్‌వర్క్‌లో రెండు రోబో చేతులున్నాయనీ, ఎగ్జిబిషన్ అయ్యేదాకా వాటిని చూసుకునే మనిషి కావాలనీ చెప్పాడు. "ఆర్ట్ గురించి ఏమీ తెలియక్కర్లేదు. మోటార్లు వేడెక్కకుండా చూస్తే చాలు" అన్నాడు.

మా ఆయనకి చెప్తే, "వెళ్ళు. ఇంట్లో ఉండి ఉండి నువ్వు మాట్లాడ్డమే మానేశావు" అన్నాడు.

ఎగ్జిబిషన్ అంతా రేపటి గురించే. ఒక గదిలో గోడంత స్క్రీన్ మీద ఓ నగరం పుట్టుకొచ్చేది. కంప్యూటర్ గేమ్‌లోలాగా మేడలు మొలిచేవి, రంగుల లైట్లు వెలిగేవి, కాసేపటికి అన్నీ కూలిపోయి మళ్ళీ మొదలయ్యేవి. ఇంకో గదిలో పారేసిన కీబోర్డుల మీటలతో ఒక గుట్ట పోశారు. మాది చివరి గది. చీకటిగా ఉండేది. మధ్యలో పొడుగాటి తెల్ల బల్ల, దాని వెనక రెండు రోబో చేతులు. ఎడమ చెయ్యి ఏదో అందుకునేది, కుడి చెయ్యి దాన్ని తిప్పేది, నొక్కేది, పక్కన పెట్టేది. మళ్ళీ అందుకునేది. ఆ వేళ్ళ మధ్య ఏమీ ఉండేది కాదు. ఖాళీ గాలిని పట్టుకుని అవి పని చేస్తూ పోయేవి.

దాన్ని తయారు చేసిన ఆర్టిస్టుకి నా కన్నా మూడు నాలుగేళ్ళు తక్కువ ఉంటాయేమో. చదువుకోడానికి ఈ దేశం వచ్చి ఇక్కడే ఉండిపోయింది. మగపిల్లాడిలా పొట్టిగా కత్తిరించుకున్న జుట్టు, ఎప్పుడూ అదే నల్ల జాకెట్. మొదటి రోజు నాకు కంట్రోల్ ప్రోగ్రామ్ చూపిస్తూ, "ఈ కదలికలు నేను రాసినవి కావు. మా అమ్మవి" అంది.

వాళ్ళమ్మ చైనాలో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో లైన్ మీద పని చేసింది. ఫోన్లలోకి వెళ్ళే చిన్న ముక్కలు బిగించే పని. ఈమె పసిపిల్లగా ఉన్నప్పుడే ఊళ్ళో అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళింది. ఏడాదికొకసారి, వాళ్ళ కొత్త సంవత్సరం పండక్కి ఇంటికొచ్చేది. ఇప్పుడు రిటైరై కూతురి దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చింది. కూతురు ఆమె చేతులకి సెన్సార్ గ్లవ్స్ తొడిగి, ఆ పాత పని ఒట్టి చేతులతో చేసి చూపించమంటే, ఆమె కళ్ళు మూసుకుని చేసేసిందట. ఆ కదలికలే ఇప్పుడు ఈ మిషన్లు చేస్తున్నాయి.

గది గుమ్మం పక్కన తెల్ల బోర్డు మీద ఆర్టిస్టు రాసిన మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు గుర్తున్నంతవరకు ఇలా: "మీ జేబులో ఉన్న ఫోన్‌ని ఈ చేతులు ముట్టుకుని ఉండొచ్చు. నన్ను మాత్రం ముట్టుకోలేదు. నా జుట్టు ఒక్కసారి దువ్వలేదు, ఒక్కసారి జడ వెయ్యలేదు. మా అమ్మ చేతులు ఎలా ఉంటాయో నేను ఈ మిషన్ల దగ్గరే నేర్చుకున్నాను."

అది చదివి నేను రెస్ట్‌రూమ్‌కి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

మాది రాజంపేట దగ్గర పల్లె. మా వైపు ఆడవాళ్ళు కువైట్‌ వెళ్ళి ఇళ్ళల్లో వంటపని చేసేవాళ్ళు. మా అమ్మ కూడా వెళ్ళింది. నేనింకా బడికి కూడా పోని వయసులో వెళ్ళింది, నా ఇంజనీరింగ్ అయిపోయాక వచ్చేసింది. మధ్యలో రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వచ్చి పోయేది. నన్ను పెంచింది అవ్వ. అమ్మ వచ్చేసిన కొన్నాళ్ళకే నేను అమెరికా వచ్చాను. ఆ తరవాత కొన్నేళ్ళకి ఆమె పోయింది. మా ఇద్దరి మధ్య గొడవలేమీ లేవు. మాట్లాడుకోడానికి ఏమీ ఉండేది కాదు, అంతే. తిన్నావా అంటే తిన్నాను. ఎండలు ఎలా ఉన్నాయంటే ఉన్నాయి.

ఎగ్జిబిషన్ మొదలయ్యాక ఆ తల్లి తరచుగా వచ్చేది. కూతురు కాలేజీలో క్లాసులు చెప్పడానికి వెళ్ళిపోతే, బస్సెక్కి ఒక్కతే వచ్చేది. పొట్టి మనిషి, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు. నేను ఆమెను ఆంటీ అనేదాన్ని. ఆమెకి ఇంగ్లీషు రాదు, నాకు చైనీస్ రాదు. ఫోన్‌లో ట్రాన్స్‌లేషన్ పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఫోన్ ఆమెకి బాగా అలవాటు. షాపులో పాల డబ్బా మీద రాతలు, బస్‌స్టాప్ బోర్డులు అన్నీ కెమెరా పెట్టి చదువుకునేది.

ఒక రోజు నా భాష ఏమిటని అడిగింది. తెలుగు అన్నాను. ఫోన్‌లో లిస్టు కిందికి లాక్కుంటూ పోయి, తెలుగు దొరికితే చిన్నపిల్లలా సంతోషపడింది. అప్పట్నుంచి ఆమె చైనీస్‌లో ఏదో అంటే, వార్తలు చదివే గొంతుతో ఫోన్ నాకు తెలుగులో చెప్పేది.

"ఈ యంత్రములకు విశ్రాంతి ఎప్పుడు?"

"గంటకోసారి కాసేపు ఆపుతాను ఆంటీ. లేకపోతే మోటార్లు పాడైపోతాయి."

ఆమె తల ఊపింది. "అది మంచి పద్ధతి."

మిగతా గదుల్లో ఆమెకి ఆసక్తి లేదు. ఆ మేడలు మొలిచే నగరం చూడమని ఓసారి తీసుకెళ్తే, కాసేపు నిలబడి, "ఇది మా కర్మాగారము ప్రక్కన ఉన్న రహదారి వలె ఉన్నది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. జనం రేపటి లోకాన్ని చూడ్డానికి టికెట్ కొనుక్కుని వస్తుంటే, ఆమె దాన్ని ఎప్పుడో వదిలేసి వచ్చినట్టుంది.

తన చేతుల ముందు మాత్రం బెంచీ మీద చాలాసేపు కూర్చునేది. ఒక్కోసారి ఒళ్ళో పెట్టుకున్న ఆమె వేళ్ళు కూడా కదిలేవి. బొటనవేలి కీలు వాచిపోయి ఉండేది. కూతురి గురించి అడిగితే ఎక్కువ చెప్పేది కాదు. "ఆమె చాలా చదువుకున్నది" అనేది. "ఆమె గదిలో వెలుగు ఆలస్యముగా ఆరును" అనేది. ఒకే ఇంట్లో ఉన్న మనిషి గురించి అంత దూరం నుంచి చెప్పడం నాకు కొత్త కాదు.

ఒక మధ్యాహ్నం నేను బల్ల కింద కూర్చుని కేబుల్ సరిచేస్తున్నాను. పైకి చూసేసరికి ఆమె గుమ్మం దగ్గర బోర్డు ముందు నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది. అన్నాళ్ళూ ఆ బోర్డు వైపు చూడలేదు. లోపల ఉన్నది తన పనే కాబట్టి దాని గురించి చదవాలని అనిపించలేదేమో. నేను లేచి ఆమె దగ్గరికి వెళ్ళేలోపే చదివేసింది.

ఫోన్ దించి నన్ను చూసింది. మొహంలో ఏమీ తెలియలేదు. ఫోన్‌లోకి ఏదో మెల్లగా చెప్పింది. ఆ వార్తల గొంతు నన్ను అడిగింది.

"నేను ఆమెకు జడ వేయలేదని ఇక్కడ వ్రాయబడి ఉన్నదా? లేక ఫోన్ తప్పుగా చెప్పినదా?"

ఫోన్ తప్పే చెప్పిందంటే ఆమె నమ్మేదేమో. కానీ ఆమె నన్ను చూస్తున్న తీరుకి అబద్ధం నోట్లోంచి రాలేదు.

"అలాగే ఉంది ఆంటీ" అన్నాను.

ఆమె బెంచీ దగ్గరికి నడిచి కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. గదిలో ఎవరూ లేరు. ఎదురుగా మిషన్లు పని చేస్తూనే ఉన్నాయి. ఆమె ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడింది. ఆగి, మళ్ళీ మాట్లాడింది. తరవాత దాన్ని నాకిచ్చింది.

"నేను పండుగకు ఇంటికి వెళ్ళేదానిని. మొదటి రోజు ఆమె నన్ను చూచి తలుపు వెనుక దాగుకొనేది. నేను దువ్వెన తీసుకొని కూర్చునేదానిని. రా అని పిలిచేదానిని. ఆమె ఏడ్చి అమ్మమ్మ వద్దకు పరుగెత్తేది. బలవంతము చేయవద్దు, భయపడుచున్నది అని మా అమ్మ చెప్పేది. ఆమె నాకు అలవాటు అయ్యే సమయమునకు నా రైలు ఉండేది. మరుసటి సంవత్సరము మరల మొదటి నుండి."

కింద ఇంకో వాక్యం ఉంది. "ఆమె వ్రాసినది నిజము. జడ వేయలేదు."

"ఈ సంగతి ఆమెకి చెప్పండి ఆంటీ. ఆమెకి తెలిసి ఉండదు" అన్నాను.

ఫోన్ నా మాటని చైనీస్‌లో చెప్పింది. ఆమె తల అడ్డంగా ఊపింది. కూతురు తనకి తెలిసినది రాసుకుందనీ, దాన్ని చూడ్డానికి ఇంత మంది వస్తున్నారనీ, ఇప్పుడు తను ఇలా చెప్తే అది తప్పు పట్టినట్టు అవుతుందనీ అంది. నన్ను కూడా చెప్పొద్దంది. తరవాత ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు పోసి నాకిచ్చింది. తాగాను.

ఆ తరవాత కూడా ఆమె రావడం మానలేదు. ఒక వారాంతం మ్యూజియం కిటకిటలాడుతోంది. ఒక తెల్లావిడ బోర్డు చదివి, కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చి బెంచీ మీద ఆంటీ పక్కనే కూర్చుంది. పక్కనున్నది ఎవరో ఆమెకి తెలియదు. "పాపం ఆ పిల్ల. తల్లి లేకుండా పెరగడం ఎంత కష్టం" అంది ఇంగ్లీషులో. ఆంటీకి మాటలు అర్థం కాకపోయినా, మనిషి బాధపడుతోందని తెలిసింది. ఆవిడ చెయ్యి మెల్లగా తట్టి "థాంక్యూ" అంది. ఆమెకి వచ్చిన కొద్ది ఇంగ్లీషు మాటల్లో అదొకటి. నేను గోడ వైపు తిరిగి, చదవడానికేమీ లేని మీటర్‌ని చదువుతూ నిలబడ్డాను.

చలికాలం మొదట్లో ఒక రోజు ఆర్టిస్టు నుంచి మెసేజ్ వచ్చింది. అమ్మ పొద్దున కిచెన్‌లో పడిపోయింది, హాస్పిటల్‌లో ఉన్నాం, ఈ రోజు మ్యూజియంకి ఫోన్ చేసి చెప్పగలవా అని. నేను చెప్పి నేరుగా హాస్పిటల్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను.

స్ట్రోక్. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. కళ్ళు తెరిచి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టిందనే అనుకుంటున్నాను, నేను చెయ్యి పట్టుకున్నప్పుడు ఎడమ చేత్తో గట్టిగా నొక్కింది. డాక్టరు బయట కూతురితో మాట్లాడుతూ, మాటలు కొంచెం తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఈ వయసులో చెప్పలేం అన్నాడు.

డాక్టరు వెళ్ళాక కూతురు కారిడార్‌లో కుర్చీలో కూర్చుంది. నేను కాఫీ తెచ్చిచ్చాను. ఆమె దాన్ని పట్టుకుని, "నిన్న రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మ ఏదో చెప్పబోయింది. నేను లాప్‌టాప్‌లో ఉన్నాను. తరవాత చెప్పమన్నాను" అంది.

నేనింక ఆగలేకపోయాను. చెప్పొద్దన్న మనిషి ఇప్పుడు చెప్పలేని స్థితిలో ఉంది. నేను కూడా నోరు మూసుకుంటే ఆ మాట ఈ భూమి మీద ఎవరి దగ్గరా ఉండదు.

"మీ అమ్మ బోర్డు చదివింది" అన్నాను.

"ఎలా? అది ఇంగ్లీషు."

"ఫోన్ పెట్టి చదివింది."

"మొత్తం?"

"మొత్తం."

కాఫీ కప్పు కింద పెట్టింది. "నేను ఇంగ్లీషులో ఎందుకు రాశానో తెలుసా? చైనీస్‌లో ఒక్క లైను కూడా రాయలేకపోయాను. ఇంగ్లీషులో అయితే ఆమె అక్కడ ఉండదు కదా అనుకున్నాను. ఆ భాషలోకి ఆమె ఎప్పటికీ రాదు అనుకున్నాను."

అప్పుడు నేను తలుపు గురించి, దువ్వెన గురించి, రైలు గురించి చెప్పాను. తెలుగులో చదివినది ఇంగ్లీషులో చెప్తున్నాను. చైనీస్‌లో అసలు ఏ మాటలు వాడిందో నాకు తెలియదు. ఎన్ని చేతులు మారి వచ్చిందో ఆ మాట. అయినా నాకు అందినంతా చెప్పాను.

పక్క గదిలో ఏదో మిషన్ బీప్ బీప్ మంటోంది. ఆమె నేల వైపు చూస్తూ అంది:

"దువ్వెన నాకు గుర్తుంది. ఎర్ర దువ్వెన. పండక్కి ఇంటికొచ్చిన ఒక చుట్టం, మంచం మీద దువ్వెన పట్టుకుని కూర్చునేది. చిన్నప్పటి జ్ఞాపకాల్లో అది నాకు చాలా స్పష్టంగా ఉంది. ఆమె ఎవరో గుర్తు లేదు. ఎవరో చుట్టం అనుకున్నాను."

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆమె ఏడవలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను ఇంటికి వచ్చేశాను.

తరవాతి వారం మ్యూజియం వాళ్ళకి చెప్పి బోర్డు తీయించేసింది. కొత్తది రాసిమ్మని వాళ్ళు అడిగారు. ఆమె రాయలేదు. అక్కడ కళాకృతి పేరు, ఏ సామాన్లతో చేశారో ఆ వివరం మాత్రం మిగిలాయి. చూడ్డానికొచ్చిన వాళ్ళు ఇప్పుడు రకరకాలుగా అనుకునేవాళ్ళు. మిషన్లు వచ్చి మనుషుల ఉద్యోగాలు పోవడం గురించి అని ఒకాయన తన స్టూడెంట్లకి చాలా బాగా వివరించాడు. నేను కాదనలేదు. అది కూడా నిజమే, నా ఉద్యోగం అలాగే పోయింది.

ఆంటీని హాస్పిటల్ నుంచి ఇంటికి పంపాక ఇక్కడ ఉంచడం కుదరలేదు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో అంత వైద్యం రాదు, వీసా గడువు కూడా దగ్గరపడింది. కూతురు తనే చైనా తీసుకెళ్తానంది. పాస్‌పోర్టులో ఆమె సొంత వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి చాలా రోజులైంది. ఒకసారి దేశం దాటితే మళ్ళీ ఎప్పుడు రానిస్తారో చెప్పలేం. మన వాళ్ళింట్లో ఏ ఇద్దరు కూర్చున్నా మాట్లాడుకునే సంగతే ఇది, ఆమెతో కూడా అదే మాట్లాడాను.

"స్టాంపింగ్ సంగతి ఏం చేస్తావ్?"

"తెలియదు. అక్కడికెళ్ళాక చూస్తాను."

"కాలేజీ జాబ్?"

"చెప్పాను. వాళ్ళు చూస్తామన్నారు."

ఎయిర్‌పోర్ట్‌కి నేనే దింపాను. వెనక సీట్లో తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. ఆంటీ తల కూతురి భుజం మీద ఉంది. వీల్‌చెయిర్ వచ్చాక ఆంటీ ఎడమ చెయ్యి నా వైపు చాపింది. దగ్గరికి వంగితే నా చెంప నిమిరింది. ఏదో అనడానికి పెదవులు కదిపింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఫోన్ ఉన్నా లాభం లేని మాట అది.

ఆర్టిస్టు లేకుండానే ఎగ్జిబిషన్ అయిపోయింది. రోబో చేతులు అద్దెకి తెచ్చినవి. విప్పి, ఫోమ్ పెట్టెల్లో సర్ది పంపించాను. వాటి మెమరీ అద్దెకిచ్చినవాళ్ళు మామూలుగా తుడిచేస్తారు, తరవాత వాడేవాళ్ళ కోసం. ఆ కదలికల కాపీ ఆర్టిస్టు దగ్గర ఉంది. ఇంకో నగరంలో ఒక మ్యూజియం వాళ్ళు ఆ ఆర్ట్‌వర్క్‌ని అడిగారట, ఆమె ఇవ్వలేదు.

నేనూ ఆర్టిస్టూ కొన్నాళ్ళు వీడియో కాల్స్ చేసుకున్నాం. వెనకాల ఆంటీ కుర్చీలో కనిపించేది. ఓసారి మేం మాట్లాడుతుండగానే కూతురు ఫోన్ గోడకి ఆనించి పెట్టి, తడి తువ్వాలుతో తల్లి మొహం తుడిచి, నెరిసిన జుట్టు వెనక్కి దువ్వింది. ఆంటీ కళ్ళు మూసుకుంది. నాకు సంతోషమూ కలిగింది, ఇంకేదో కూడా కలిగింది. అంత తీరిక వాళ్ళకి దొరకడానికి ఎంత పోవాల్సి వచ్చిందో కదా అనిపించింది. తరవాత నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది. అక్కడి రాత్రి ఇక్కడి పగలు. కాల్స్ తగ్గాయి.

ఒకరోజు ఆంటీ ఎలా ఉందని మెసేజ్ పెడితే, పోయి నెల దాటిందని జవాబొచ్చింది. ఎవరికీ చెప్పాలనిపించలేదంది. చివరిదాకా మాట రాలేదంది. తను ఇంకా ఆ ఊళ్ళోనే ఉందట, పిల్లలకి బొమ్మలు వెయ్యడం నేర్పుతోందట. వీసా ఇంటర్వ్యూకి ఇంకా వెళ్ళలేదట.

ఆ ఆదివారం రాజంపేటలో మా మామకి ఫోన్ చేశాను. అవ్వ పోయాక ఆ ఇంట్లో మిగిలినవాడు ఆయనే. అదీ ఇదీ మాట్లాడాక అడిగాను, "మామా, అమ్మ కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు నాతో ఎట్లా ఉండేది? నీకేమన్నా గుర్తుందా?"

"ఏముంది పాపా. వస్తా ఉండె, పోతా ఉండె. నువ్వు మీ అవ్వ కొంగు ఇడిసేదానివి కాదు."

"నన్ను పిలిచేదా?"

"పిలిచే ఉంటాదిలే. ఎవరు చూసినారు. అప్పుడు ఇంటి నిండా జనం, ఆమె తెచ్చిన సామాన్లు పంచుకునే దాంట్లోనే సరిపోయేది." అంతలోనే, "యాల అడగతాండావ్ ఇప్పుడు?" అన్నాడు.

"ఊరికే మామా" అన్నాను.

ఆయన వానలు లేవనీ, బోరులో నీళ్ళు అడుగంటినాయనీ చెప్పుకొచ్చాడు. నేను ఊఁ కొడుతూ విన్నాను.